ఇంగ్లండ్ ఓడ వడ్రంగుల వీలునామాలు చదవడంలో సాయం కావాలి

నమస్కారం. 16, 17 శతాబ్దాల్లో థేమ్స్ ఒడ్డున డెట్‌ఫర్డ్, రోథర్‌హైత్, వాపింగ్‌లలో ఓడలు కట్టిన వడ్రంగుల వీలునామాలు చదువుతున్నాను. ఫినియాస్ పెట్ వంటి పేరున్న ఓడ నిర్మాతల గురించి రాసినవారు చాలామందే ఉన్నారు. నాకు కావలసింది వారి కింద బాడిత పట్టి పనిచేసినవారి బతుకులు.

వీలునామాలను ధ్రువీకరించిన పెద్ద చర్చి కోర్టు, కాంటర్‌బరీ ప్రెరోగటివ్ కోర్టు. దాని రిజిస్టర్ల ప్రతులు లండన్‌లోని క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైటులో దొరికాయి. చిక్కంతా చేతిరాతతోనే. ఆనాటి సెక్రటరీ లిపిలో ‘హెచ్’ తోక గీత కిందికి జారుతుంది, ‘ఇ’ తిరగబడినట్టు ఉంటుంది. చివరి ధ్రువీకరణ లాటిన్‌లో. ఒక వీలునామాలో పనిముట్లను శిష్యుడికి ఇచ్చే వాక్యం ఉంది. బాడిత, రంపం తెలిశాయి. ఆ తర్వాతి రెండు మాటలు మూడు రోజులుగా కొరుకుడు పడడం లేదు. ఒక మనిషి చేతిలో జీవితమంతా ఆడిన పనిముట్లవి, ఊహించి రాసేయడానికి మనసొప్పడం లేదు.

ఆ కాలపు ఓడ వడ్రంగుల పనిముట్ల పేర్లు, రకరకాల వర్ణక్రమాలతో సహా, ఎక్కడ దొరుకుతాయి? ఆస్తి తక్కువున్నవారి వీలునామాలు ఎక్కువగా స్థానిక చర్చి కోర్టులకే వెళ్లేవి. కెంట్‌లో ఓడలు కట్టిన మరో ఊరు చాతం వైపువారివి అక్కడి మెయిడ్‌స్టోన్ పట్టణంలోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటి నకళ్లు మన దేశం నుంచి తెప్పించుకున్నవారు ఎవరైనా ఉన్నారా?

ఇంకొకటి. అప్పట్లో అక్కడ ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1602 జనవరి అని ఉంటే మన లెక్కలో 1603. పట్టికలో మీరు ఏ సంవత్సరం వేస్తారు?