ఉల్కలతో పాటు సూక్ష్మజీవులు కూడా భూమికి వచ్చి ఉంటాయా?

ప్రశ్న (విశాఖపట్నం నుంచి):
నిన్న రాత్రి రుషికొండ తీరంలో వేరుశెనగలు ఒలుచుకుంటూ కూర్చున్నప్పుడు సముద్రం మీదుగా ఒక చుక్క రాలింది. "అందులో సూక్ష్మజీవులుంటే మాడిపోవా నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. జీవం అంతరిక్షం నుంచి వచ్చిందన్న వాదనకు ఆధారాలున్నాయా?

జవాబు:
రాలే చుక్క సాధారణంగా ఇసుక రేణువంతే ఉంటుంది కనుక మాడిపోతుంది. పెద్ద రాయి విషయం వేరండీ: పైపొర కరిగినా, ఆ వేడి లోపలికి పాకేంత వ్యవధి ఉండదు. 1984లో అంటార్కిటికాలో దొరికిన కుజగ్రహపు శిల లోపలి భాగం, కుజుడి మీద నుంచి ఎగిరిపడినప్పటి నుంచి 40 డిగ్రీల సెల్సియస్ దాటలేదని అయస్కాంత పరీక్షలు సూచించాయి. 1969లో ఆస్ట్రేలియాలో పడిన ముర్చిసన్ ఉల్కలో ప్రొటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలు దొరికాయి గాని, అవి ఇటుకలే తప్ప ఇల్లు కాదు.

మరో జవాబు:
నా దృష్టిలో అసలు చిక్కు ప్రయాణ కాలమే. జపాన్ శాస్త్రవేత్తలు డీనోకాకస్ బాక్టీరియాను ఉండలుగా ఎండబెట్టి భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెలుపల మూడేళ్లు ఉంచితే, పైవరుస కణాలు చచ్చి, లోపలివాటికి గొడుగులా నిలిచాయి. అయితే మొదటి జవాబులో చెప్పిన కుజగ్రహపు శిల అంతరిక్షంలో తిరిగినది సుమారు 1.6 కోట్ల ఏళ్లు!

ఇంకొక జవాబు:
హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో సేకరించిన గాలిలో మూడు కొత్త బాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించింది. అవి భూమికి ఆవలివని దీనితో నిర్ధారణ కాలేదని కూడా ఆ సంస్థే స్పష్టం చేసింది. పత్రికల శీర్షికల్లో మాత్రం ఈ రెండో మాట అంతగా కనిపించలేదు.