టింబర్ సాఫ్ట్‌వేర్‌లో గోడ పొరలు, లేయర్లు, మెటీరియల్ పేర్లు ఎలా పెట్టుకోవాలి?

అందరికీ నమస్కారం. జర్మనీలో చెక్క ఇళ్ళు కట్టే ఒక కంపెనీ డిజైన్ ఆఫీసులో చేరి ఆరు వారాలైంది. ఇంతకుముందు ఆరేళ్ళు ఆర్‌సీసీ డ్రాయింగులు చేశాను, ఆటోక్యాడ్ బాగా వచ్చు. ఆ అలవాటుతోనే ఇక్కడ కూడా గోడలు, కిటికీలు, ఇన్సులేషన్ అని లేయర్లు చేసి పెట్టాను. మా సీనియర్ చూసి అన్నీ తీసేసి మళ్ళీ చెయ్యమన్నారు. ఎందుకో ఆయన చెప్పిన జర్మన్‌లో సగమే అర్థమైంది. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరైనా చెప్తారా?

* * *

తమ్ముడూ, మీ సీనియర్ నీకు మేలే చేశారు. ఆర్‌సీసీ నుంచి వచ్చినవాళ్ళం అందరం మొదట అక్కడే తడబడతాం. ఆటోక్యాడ్‌లో గీత తప్పు లేయర్‌లో పడితే ప్రింటులో రంగు మారుతుంది, సైటులో మేస్త్రి చూసి సర్దుకుంటాడు. ఇక్కడ నువ్వు పెట్టిన ముక్క నేరుగా రంపం దగ్గరికి వెళ్తుంది. మధ్యలో సర్దేవాళ్ళు ఎవరూ ఉండరు.

నువ్వు లేయర్ అనే ఒక్క మాటతో మూడు పనులు చేయిస్తున్నావు. వాటిని విడదియ్యి. గోడ లోపల్నుంచి బయటికి ఏ వరుసలో పేరుకుంటూ వస్తుందో అది పొర. మీ ఆఫీసులో ఆ మొత్తం వరుసని ఔఫ్‌బౌ అంటూ ఉంటారు, విని ఉంటావు. ఒక్కో ముక్క ఏ సరుకో, ఏ గ్రేడో అది మెటీరియల్. తెర మీద ఏది కనపడాలి, ఏది దాగాలి అన్నది మాత్రమే లేయర్. సెమా, క్యాడ్‌వర్క్, డీట్రిక్స్ అనే టింబర్ సాఫ్ట్‌వేర్లు ఒక్కోటి ఒక్కో రకంగా పిలుస్తాయి గానీ విడదీయాల్సినవి మాత్రం ఈ మూడే.

ముందు పొరలు. మామూలు బయటి గోడ ఒకటి తీసుకో. లోపల 12.5 మి.మీ. జిప్సం బోర్డు, దాని వెనక వైర్లు, పైపులు పోవడానికి 60 మి.మీ. ఖాళీ, తర్వాత 15 మి.మీ. ఓఎస్‌బీ (చెక్క పేళ్ళు అతికించి నొక్కిన బోర్డు), తర్వాత 240 మి.మీ. నిలువు చెక్కలు, వాటి మధ్య ఇన్సులేషన్, బయట 60 మి.మీ. ఉడ్‌ఫైబర్ బోర్డు. ఇక్కడికి 387.5 మి.మీ. ఆ పైన గాలి ఆడే పట్టీలు, పలకలు. ఈ వరుస ఊరికే పెట్టింది కాదు. గదిలోని ఆవిరిని లోపలి వైపున గట్టిగా ఆపాలి, బయటికి వెళ్ళేకొద్దీ తేలిగ్గా వదలాలి. ఓఎస్‌బీ లోపల ఉండటం, దాని జాయింట్లకి టేపు వెయ్యడం అందుకే. స్విచ్ బోర్డు కోసం ఆ ఓఎస్‌బీకి కన్నం పడకూడదనే ముందర 60 మి.మీ. ఖాళీ వదిలారు. గోడ గీసేటప్పుడు దిశ తిరగబడితే ప్లానులో మందం అంతే ఉంటుంది, చూడ్డానికి గోడ సరిగ్గానే ఉంటుంది, పొరలు మాత్రం లోపలివి బయటికి వెళ్ళిపోతాయి. అందుకని ప్రతి గోడనీ ఒకసారి అడ్డంగా కోసి చూడు.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది రిఫరెన్స్ గీత గురించి, అంటే గోడ మందాన్ని ఏ గీత నుంచి కొలుస్తామో అది. మొదటి సంవత్సరం నేను దాన్ని చెక్క పొర మధ్యలో పెట్టాను. సగం పని అయ్యాక ఇంజనీరు 200 ని 240 చేశారు. పొర అటు 20, ఇటు 20 పెరిగింది. లోపలి గదులు ఇరుకయ్యాయి, బయట చెక్క స్లాబు అంచు దాటి 20 మి.మీ. బయటికొచ్చింది. డ్రాయింగులో నాకు అది కనపడలేదు. సైటులో మొదటి గోడ క్రేనుతో దింపి నిలబెట్టినప్పుడు కనపడింది. అప్పట్నుంచీ రిఫరెన్స్ చెక్క పొర బయటి ముఖం మీదే పెడతాను. మందం మారితే లోపలికే పెరుగుతుంది, స్లాబు అంచు కదలదు. మీ కంపెనీ పద్ధతి వేరైతే అదే పాటించు, కానీ మధ్యలో మాత్రం పెట్టకు.

మూలల సంగతి కూడా అంతే. రెండు గోడలు కలిసేచోట ప్రతి పొరా ఒకేచోట ఆగదు. చెక్క ఒకచోట, ఓఎస్‌బీ ఇంకోచోట ఆగుతాయి, బయటి బోర్డు పక్కగోడ మందాన్ని కప్పుతూ ముందుకి పోతుంది. పొర పొరకీ దాని అంచు అది పెట్టుకోవాలి. గోడ మొత్తాన్ని ఒకే ముద్దగా గీస్తే ఈ పని చెయ్యలేవు. ఆర్కిటెక్ట్ పంపే ఐఎఫ్‌సీ ఫైల్లో (సాఫ్ట్‌వేర్ల మధ్య 3డీ మోడల్ మార్చుకునే ఫైలు) గోడ తరచూ అలాగే ముద్దగా వస్తుంది. దాన్ని కొలతలకి వాడుకో, పొరలు నువ్వే కట్టుకో.

* * *

అన్నయ్య పొరల గురించి చెప్పారు కాబట్టి నేను మెటీరియల్ గురించి చెప్తాను. నేను సరుకు లిస్టులు తీసే వైపు పనిచేస్తాను, నాకు అందేది మీరు పెట్టిన పేరే.

పేరులో "చెక్క" అని ఉంటే నేను ఏం కొనాలి? కేవీహెచ్ (కట్టడాలకి వాడే ఆరబెట్టిన ఘన చెక్క), సీ24, 60/240 (మి.మీ.లో కొలత) అని ఉంటే ఆర్డర్ పెట్టగలను. సీ24 అన్నది ఈఎన్ 338 అనే యూరప్ ప్రమాణంలోని బలం గ్రేడు, అతికించిన దూలాలకి జీఎల్24హెచ్ లాంటివి ఉంటాయి. పేర్లలో 24 కనిపిస్తుందని రెంటినీ ఒకటనుకోవద్దు. ఇంకొకటి, కేవీహెచ్‌లో పైకి కనపడేదానికీ కనపడనిదానికీ క్వాలిటీ వేరు, ఎస్‌ఐ, ఎన్‌ఎస్‌ఐ అంటారు. హాల్లో కనపడే దూలమూ, గోడలో దాగిపోయే నిలువు చెక్కా ఒకే మెటీరియల్ పేరుతో ఉంటే, కొలత ఒకటైనప్పుడు లిస్టులో రెండూ కలిసిపోయి ఒకే సంఖ్యగా వస్తాయి. అవి ఏవో విడదీయడం ఆ తర్వాత నా వల్ల కాదు.

బోర్డులకి షీటు కొలత కూడా మెటీరియల్‌లోనే పెట్టండి. ఇక్కడ నిలువు చెక్కలు 625 మి.మీ. దూరంలో ఉండటానికి కారణం బోర్డు వెడల్పు 1250 కావడమే, అంచులు రెండూ చెక్క మీదే పడాలి. అమెరికాలో 4 అడుగుల షీటు కాబట్టి 16 అంగుళాలు వాడతారు, మూడు సార్లు వేస్తే 48.

ఏ పొర ఫ్యాక్టరీలో వేస్తారు, ఏది సైటులో వేస్తారు అన్నది కూడా విడిగా గుర్తు పెట్టండి. వైర్ల పొరా జిప్సం బోర్డూ చాలాసార్లు సైటులోనే వేస్తారు. ఆ గుర్తు లేకపోతే అవి కూడా ఫ్యాక్టరీ లిస్టులోకి వచ్చేస్తాయి.

* * *

అన్నా, అక్కా, చాలా థాంక్స్. ఒక్క సందేహం. పేర్లు ఇంగ్లీషులో పెట్టుకోవచ్చా? జర్మన్ మాటలు నాకు ఇంకా నోటికి రావట్లేదు.

* * *

వద్దు తమ్ముడూ. ఫ్యాక్టరీలో టేబుల్ దగ్గర నిలబడి గోడ కట్టే కార్పెంటర్ ఏ మాట అంటాడో అదే పెట్టు. నిలువుది ష్టెండర్, కిందిది ష్వెల్లె, పైది రేమ్. పదిహేను మాటలు నేర్చుకుంటే గోడ మొత్తం వచ్చేస్తుంది, వాళ్ళతో మాట్లాడటం కూడా తేలికవుతుంది. కంపెనీలో ముందే మెటీరియల్ పట్టిక ఉంటుంది, అందులోంచే తీసుకో. లేనిది కావాలంటే అడిగి చేర్పించు, నీ ఫైల్లో నువ్వే కొత్తది పుట్టించకు.

ముందు కిటికీ కూడా లేని 5 మీటర్ల గోడ ఒకటి చెయ్యి. లిస్టు తీస్తే 625 చొప్పున 9 ష్టెండర్లు రావాలి. తర్వాత కిటికీ పెట్టి మళ్ళీ తియ్యి.

* * *

చేశాను అన్నా. 9 వచ్చాయి. కిటికీ పెట్టాక మెటీరియల్ కాలమ్‌లో "స్టాండర్డ్" అని ఒక ముక్క వచ్చింది. చూస్తే కిటికీ పైన దూలం. దాన్ని జీఎల్24హెచ్ చేసెయ్యనా?

* * *

నువ్వే మార్చకు. స్టాటిక్స్ రిపోర్టులో (ఇంజనీరు ఇచ్చే బలం లెక్కలు) ఆ దూలానికి ఏం రాశారో చూసి, కొలతా గ్రేడూ రెండూ అక్కడున్నట్టే పెట్టు. ఆ "స్టాండర్డ్" ఎక్కడ్నుంచి వచ్చిందో కిటికీ సెట్టింగుల్లో వెతుకు. అక్కడ సరిచెయ్యకపోతే తర్వాతి కిటికీకి కూడా అదే వస్తుంది.