ఒంటరి తల్లి పిల్లల చదువుకు సాయం: డబ్బు ఎవరికి ఇవ్వాలి?

ప్రశ్న (కొర్లగుంట): భర్త పోయిన ఒకావిడ ఇళ్లల్లో పనిచేస్తూ ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. పాప గవర్నమెంటు స్కూల్లో ఏడో తరగతి, బాబు వచ్చే ఏడు ఒకటిలో చేరాలి. మేం నలుగురం కలిసి చదివిద్దామని ఉంది. నెలనెలా ఆవిడకిద్దామా, స్కూలుకు కడదామా?

జవాబు (అలిపిరి): ముందు వాళ్లకు హక్కుగా రావాల్సింది రప్పించండి. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం పట్నంలో ఏడాదికి 96,000, పల్లెలో 72,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అప్లికేషన్ ఇవ్వాలి. భర్త డెత్ సర్టిఫికెట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్, ఆధార్, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు దగ్గరుంచండి. భర్త వదిలేసిన తల్లులకూ ఇది వర్తిస్తుంది. 2022లో చిత్తూరు జిల్లా విడిపోయింది కాబట్టి శ్రీకాళహస్తి వాళ్లు తిరుపతికి, పలమనేరు వాళ్లు చిత్తూరుకు వెళ్లాలి.

జవాబు (గ్రీమ్స్‌పేట): బాబుకు విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో పేద పిల్లలకు కేటాయించే 25 శాతం సీట్లలో ప్రయత్నించండి. ఒకటో తరగతిలోనే అవకాశం, గడువు దాటితే పోయినట్టే. పాపను మాత్రం దయచేసి ప్రైవేటుకు మార్చకండి! ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ (కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్) పరీక్ష గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 వస్తుంది, ప్రైవేటులో చేరితే ఆ అర్హత ఉండదు. ఆధార్‌లో, స్కూలు రికార్డులో, బ్యాంకులో పేరు ఒకేలా లేకపోతే స్కాలర్‌షిప్ ఆగుతుంది, ఇప్పుడే సరిచేయించండి.

జవాబు (అలిపిరి): మీ డబ్బు ట్యూషనుకు, బస్సుకు, నోటుబుక్కులకు పెట్టండి. ఫీజుంటే నేరుగా స్కూలుకు కట్టి, రసీదు తల్లికివ్వండి. పదో తరగతి దాకా నడిపే స్తోమత ఉంటేనే మాటివ్వండి, మధ్యలో ఆపితే పిల్ల బడి మారాల్సొస్తుంది.