అరవై దాటాక పొలం: కౌలుకిచ్చి కూర్చోవాలా, నిమ్మ వెయ్యాలా?

పెన్నా గట్టు: రిటైరై నెల్లూరు పల్లెలకు తిరిగొచ్చేవాళ్లకు అందరూ చెప్పే మాట ఒకటే. రెండెకరాలూ కౌలుకిచ్చెయ్, పొద్దున టీ బంకు, సాయంత్రం టీవీ. నా మాట వేరు: నిమ్మ వేసుకుంటే రోజూ చేతికి పని, వేసవిలో పొదలకూరు మార్కెట్లో నాలుగు రూపాయలు. కాదనేవాళ్లు చెప్పండి.

కయ్య కాపు: నేను కాదంటా. అరవై రెండులో నాటితే మూడో ఏడు నాలుగు కాయలు కనిపిస్తాయి. లెక్కకొచ్చే కాపు ఐదో ఏడు దాటాకే. అందాకా పింఛను డబ్బే తోటకు పొయ్యాలి. పైగా వరి కయ్యలో నిమ్మ బతకదు. రెండడుగుల గుంత తవ్వి నీళ్లు నింపండి, మర్నాటికి ఇంకకపోతే ఆ ఆలోచన మానెయ్యండి. నీరు నిలిస్తే వేరుకుళ్లు, చెట్టు మొదలు దగ్గర బంక కారడం, పెంచిన చెట్టు ఒక్క వానాకాలంలో పోతుంది.

పెన్నా గట్టు: కయ్యలో వెయ్యమని ఎవరన్నారు సామీ? ఎర్రనేల మెట్టలో. 20 అడుగులకొకటి, ఎకరాకు 109. అంటు కట్టిన చోటు నేలకు అర అడుగు పైనుండాలి. పాదు రెండు వలయాలుగా తీసి బయటి వలయంలోనే నీళ్లు పెడితే మొదలు తడవదు, బంక రాదు. మొదలుకు బోర్డో పేస్టు పూయాలి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం వేర్వేరుగా కరిగించి మొత్తం పది లీటర్ల నీళ్లలో కలపాలి. ప్లాస్టిక్ బకెట్లోనే, ఇనపదాన్ని తినేస్తుంది. మొదటి మూడేళ్లు నడి సాళ్లలో అలసంద, వేరుశనగ వేస్తే పింఛనంతా పోదు.

ఒంగోలు మెట్ట: మా వైపు మూడో దారుంది, జామాయిల్. నాలుగేళ్లకు నరుకుడు, మోడు మళ్లీ చిగురేస్తుంది. అలాగే నరికి అమ్మే సుబాబుల్ చెట్టైతే చిన్నప్పుడు గొడ్లు బతకనివ్వవు. తర్వాత పంట మార్చాలంటే మోళ్లు పెకలించే జేసీబీ ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇంతా చేసి మనిషికి పనేం ఉండదు, కౌలుకిచ్చినట్టే.

కౌలు కాగితం: కాగితం రాస్తే పొలం పోతుందని నోటిమాటతోనే కౌలుకిస్తారు చాలామంది. ఏపీలో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకే. భూమి మీద హక్కు కౌలుదారుకు రాదు. రాసుకోండి.

కయ్య కాపు: పని పని అంటున్నారు, ఎవరి పని? నిమ్మకాయ ఒక్కసారి కోసి వదిలేది కాదు, కాపులో ఉన్నన్నాళ్లు విడతలుగా కొయ్యాలి. అంతా ముళ్లు. షుగరుతో పాదాలకు స్పర్శ తగ్గిన పెద్దాయనకు ముల్లు దిగిన సంగతి పుండయ్యాకే తెలుస్తుంది. కూలోళ్లు దొరికే సరికి సగం రాలిపోతుంది.

పెన్నా గట్టు: ఆ ముల్లు మాట నిజం. అందుకే రెండెకరాలొద్దు, అరెకరం, యాభై చెట్లు. మిగతాది కౌలు. కాలికి మందపాటి బూట్లు, ఇంటికొచ్చాక రోజూ అరికాళ్లు చూసుకోవాలి. కోత కూలీలకే వదిలి, పాదులు సరిచెయ్యడం, ఎండుపుల్ల కత్తిరించడం, డ్రిప్పు ఫిల్టరు కడగడం మాత్రం తానే చేసుకుంటే సరిపోతుంది.

కయ్య కాపు: అరెకరమైతే ఒప్పుకుంటా. గుంత పరీక్ష మాత్రం మే నెలలో చెయ్యకండి. ఎండిన నేల ఎన్ని నీళ్లయినా తాగుతుంది. మన పెద్ద వానలు అక్టోబరు నుంచే కదా, నవంబరులో చూడండి.