సామానుతో హార్స్‌లీ కొండ ఎక్కాలి: ఈ రెండిట్లో ఏ సైకిల్ తీసుకోవాలి?

ప్రశ్న: నమస్తే అన్నా. ఉండేది బెంగళూరు మారతహళ్లిలో, సొంతూరు మదనపల్లె. సంక్రాంతికి హొసకోటె, చింతామణి మీదుగా సైకిల్ మీదే ఊరెళ్లి, మర్నాడు అదే సామానుతో హార్స్‌లీ కొండ ఎక్కాలని ఉంది. వెనక రెండు సంచులు, 12 కిలోలు. చూసిన రెండు సైకిళ్లకూ ధర ఇంచుమించు ఒకటే. మొదటిది అల్యూమినియం, కార్బన్ ఫోర్కు, హైడ్రాలిక్ (ఆయిల్‌తో పనిచేసే) డిస్క్ బ్రేకులు, చక్రానికి 24 స్పోకులు, ముందు 50-34 పళ్లు, వెనక 11-28. రెండోది స్టీలు, 2 కిలోలు బరువెక్కువ, కేబుల్ డిస్కులు, 36 స్పోకులు, ముందు 48-36-26, వెనక 11-34. షాపాయన మొదటిదే తీసుకోమంటున్నాడు.

జవాబు: రెండోదే తమ్ముడూ, ఆలోచించకు. బ్రేకుల సంగతి తర్వాత, ముందు పళ్ల లెక్క చూడు. మొదటిదాంట్లో అన్నిటికన్నా తేలిక గేరు 34/28, అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 1.21 చుట్లు తిరుగుతుంది. నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే వేగం గంటకు 9 కిలోమీటర్లు దాటుతుంది. ఘాట్‌లో సామానుతో అంత వేగం మనవల్ల కాదు. పెడల్ నెమ్మదిస్తుంది, భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. రెండోదాంట్లో 26/34, అంటే 0.76. అదే 60కి వేగం 6 లోపే. ఆయాసపడుతూనైనా దిగకుండా ఎక్కేస్తావు. పైగా సంచుల బరువంతా వెనక చక్రానిదే, స్పోకులు 36 ఉండాల్సిందే.

ఇంకొకరు: దిగేటప్పుడు హైడ్రాలిక్ హాయిగా ఉంటుంది కదండీ? వేళ్లు నొప్పెట్టవు.

జవాబు: నిజమేనండీ, కాదనను. కానీ కేబుల్ తెగితే సంచిలో ఉన్న ఇంకోటి రోడ్డు పక్కనే వేసుకోవచ్చు. ఆయిల్ కారితే మళ్లీ ఆయిల్ నింపి గాలి తీసే బ్లీడింగ్ కిట్ ఎక్కడ వెతుకుతాం?

ప్రశ్న: మొదటిదానికి వెనక 34 పళ్ల దాకా ఉన్న క్యాసెట్ (పళ్ల చక్రాల సెట్టు) వేయిస్తే?

జవాబు: దాని డీరైల్యూర్, అంటే గొలుసును గేర్ల మధ్య జరిపే భాగం, అంత పెద్ద పళ్ల చక్రాన్ని మోయగలదో లేదో చూడాలి. మోసినా 34/34, అంటే 1 దగ్గరే ఆగుతావు. కంపెనీ ఇచ్చిన సీటు, పెడల్స్, టైర్లు ఎలా ఉన్నా టెన్షన్ వద్దు, నెమ్మదిగా మార్చుకోవచ్చు. క్రాంకు (పెడల్ చేతులు, ముందు పళ్ల చక్రాలు), చక్రాలు మార్చాలంటే మాత్రం జేబుకు చిల్లే. ఫ్రేముకు క్యారియర్ బిగించే మరల రంధ్రాలున్నాయా అని కూడా చూడు. డబ్బు కట్టేముందు సంచులు తగిలించి తొక్కు. మడమ వెనక్కొచ్చినప్పుడు సంచికి కొట్టుకుంటుంటే క్యారియర్ కాస్త వెనక్కి జరిపించు. జరగనంటే ఆ సైకిల్ వదిలేయ్.

ప్రశ్న: సరే అన్నా, శనివారం సంచులతోనే షాపుకెళ్తా.

జవాబు: ఖాళీ సంచులు కాదు, 12 కిలోలూ నింపుకుని వెళ్లు.