బ్రిడ్జ్ మోడ్‌లో కొత్త రౌటర్ కనెక్ట్ అవ్వట్లేదు, వీలాన్ (నెట్ ట్రాఫిక్‌కి తగిలించే నంబరు ట్యాగ్) ఎక్కడ పెట్టాలి?

వైజాగ్ ఎంవీపీ కాలనీలో 100 ఎంబీపీఎస్ ఫైబర్, స్టాటిక్ ఐపీ. ఓఎన్‌టీ (ఫైబర్ లైను వచ్చి చేరే పెట్టె) లాన్ 1 నుంచి కొత్త రౌటర్ వాన్ పోర్టుకి క్యాట్ 6 కేబుల్ వేశాను. ఓఎన్‌టీ రూట్ మోడ్‌లో (అదే రౌటర్‌లా పనిచేస్తూ) ఉంటే నెట్ వస్తోంది (రెండిటికీ 192.168.1.1 ఉండడంతో మొదట గొడవే, కొత్తదాన్ని 192.168.10.1 చేశాను). కానీ డబుల్ నాట్ (రెండు పెట్టెలూ ఐపీ అడ్రస్ మార్చడం) వల్ల సీసీ కెమెరా పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి కెమెరా చూసే దారి) పనిచేయట్లేదు.

అందుకే ఓఎన్‌టీని బ్రిడ్జ్‌కి (తను రౌటర్‌లా పనిచేయకుండా సిగ్నల్‌ని నేరుగా పంపే మోడ్) మార్చి, రౌటర్‌లో పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో నెట్ లాగిన్) ఇచ్చాను. లాగ్‌లో ప్రతి 30 సెకన్లకీ "సర్వర్ స్పందించలేదు" అనే వస్తోంది. పాస్‌వర్డ్ తప్పైతే అథెంటికేషన్ ఫెయిల్ అనేది, కాబట్టి అది కాదు. పాత మ్యాక్ అడ్రస్ (పరికరం గుర్తింపు నంబరు) కొత్త రౌటర్‌లో క్లోన్ చేశాను, ఓఎన్‌టీని 10 నిమిషాలు ఆపి చూశాను, లాన్ 1 బైండింగ్ (ఆ పోర్టుని ఈ కనెక్షన్‌కి కలిపే సెట్టింగ్) టిక్ ఉంది. పాన్ లైటు (ఫైబర్ సిగ్నల్ చూపేది) నిలకడగా పచ్చగానే ఉంది.

రూట్ మోడ్‌లో వీలాన్ 100 ఉండేది. బ్రిడ్జ్‌లోనూ దాన్ని ఓఎన్‌టీలోనే ఉంచి, రౌటర్‌లో ఖాళీగా వదిలాను. ఈ ట్యాగ్ ఓఎన్‌టీలోనే ఉండాలా, లేక అక్కడ ట్రాన్స్‌పరెంట్ (ట్యాగ్‌ని ముట్టకుండా పంపేలా) చేసి రౌటర్ వాన్‌లో ఇవ్వాలా?