నాయకత్వంలో నమ్మకం, ముందుచూపు: మీరు దగ్గరగా చూసినవి చెప్పండి

పాలక్యాన్_సిద్దిపేట:
అందరికీ నమస్తే. మా ఊరి మహిళా పాల సంఘానికి ఈ ఏడు నన్ను అధ్యక్షురాలిని చేసిండ్రు. సొంతంగ బల్క్ కూలర్ (పాలు చల్లగ నిల్వజేసే పెద్ద ట్యాంకు) పెట్టుకుంటే రేటు మనమే మాట్లాడుకోవచ్చని నా పట్టు. కానీ ఎండకాలం రాంగనే బయటి ఏజెంటు లీటరుకు రెండు రూపాయలు ఎక్కువిస్తడు, సగం క్యాన్లు అటే పోతయి. నేను మీటింగుల ఐదేండ్ల ముచ్చట చెప్తే, "ముందు ఈ పదిహేను రోజుల బిల్లు ఎప్పుడొస్తదో చెప్పు అక్కా" అంటరు. వాళ్లను తప్పువట్టను, బర్రెకు దాణా ఇయ్యాల్నే కొనాలె. నాకున్న నమ్మకం వాళ్లకు ఎట్ల కలిగియ్యాలె? సంఘాలు నడిపినోళ్లు చెప్పండి.

ఆణంద్‌లో_చదివాను:
అక్కా, మీకొచ్చిన చిక్కే గుజరాత్‌లో ఖేడా జిల్లా రైతులకూ వచ్చింది. అక్కడి పాలు సేకరించి బొంబాయికి పంపే హక్కు పోల్సన్ అనే ఒక్క కంపెనీ చేతిలో ఉండేది. 1946లో సర్దార్ పటేల్ సలహాతో రైతులు సొంత సంఘం కట్టుకోవాలని తీర్మానించుకుని, పదిహేను రోజులు ఆ కంపెనీకి చుక్క పాలు పోయలేదు. ముందుండి నడిపింది త్రిభువన్‌దాస్ పటేల్. ఊరూరా తిరిగి రైతులను కూడగట్టిన మనిషి ఆయన. ఆ సంఘమే తర్వాత అమూల్ అయింది. అమూల్ పేరుతో అందరికీ తెలిసిన కురియన్ వచ్చింది తర్వాత, 1949లో.

కురియన్ ముందుచూపు గురించి చాలా చెబుతారు. నాకు అందులో గొప్పగా అనిపించేది ఒకటే. చలికాలంలో గేదెలు ఎండాకాలం కంటే బాగా ఎక్కువ పాలిస్తాయి. ఆ మిగులంతా బొంబాయికి అక్కర్లేదు. దాన్ని పొడి చేస్తే తప్ప రైతుకు ఏడాది పొడవునా రేటు నిలవదని ఆయన పట్టుకున్నాడు. గేదె పాలతో పొడి కుదరదని పెద్ద పెద్ద నిపుణులే అన్నారు. కురియన్‌తో పనిచేసిన డెయిరీ నిపుణుడు హెచ్.ఎం. దలాయా చేసి చూపించాడు. 1955లో ఫ్యాక్టరీ మొదలైంది. జనాన్ని నిలబెట్టింది ఒకరు, దారి చూసింది ఇంకొకరు, పని చేసి చూపింది మరొకరు. అన్నీ మీ ఒక్కరే మొయ్యాలని ఎందుకనుకుంటున్నారు? ఇంతకీ మీ ఏజెంటు చలికాలంలో ఏమంటాడు?

పాలక్యాన్_సిద్దిపేట:
"కోటా అయిపోయింది" అని సగం వాపస్ పంపుతడు తమ్మీ. అప్పుడు అందరు మా సంఘానికే తెస్తరు.

చీరాల_వాసి:
అమ్మా, నాయకుడి పట్టుదల ఒక్కటే సరిపోదని మా ఊరి చరిత్రే చెబుతుంది. 1919లో చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచారు. నేత పనివాళ్లు, చిన్న రైతులు ఎక్కడి నుంచి కడతారు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ముందు నిలబడ్డారు. ఎడింబరోలో చదివొచ్చిన మనిషి, రామదండు అని వాలంటీర్ల దళం కట్టి జనంలో తిరిగాడు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ వచ్చినప్పుడు, ఊరు వదిలిపోవడం ఒక దారి అన్నారు. వేల మంది నిజంగానే ఇళ్లకు తాళాలేసి ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకున్నారు. ఎండకీ వానకీ ఓర్చి దాదాపు పదకొండు నెలలు! ఆ తెగువ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అయితే బరంపురంలో నిషేధాజ్ఞ దాటి మాట్లాడినందుకు దుగ్గిరాల గారిని ఏడాది జైల్లో పెట్టారు. ఆయన లేకపోయేసరికి జనం మెల్లగా తిరిగి ఇళ్లకు చేరారు. వాళ్లను ఒక్క మాట అనడానికి నాకు మనసొప్పదు. కానీ ఆయన తర్వాత ఎవరు నడపాలి, డబ్బు ఎక్కడి నుంచి రావాలి అన్నవి గట్టిపడలేదని నా అభిప్రాయం. మీరు వారం రోజులు ఊళ్లో లేకపోతే పొద్దున పాలు ఎవరు పోయించుకుంటారు? ముందు అది చూసుకోండి తల్లీ.

నెల్లూరు_మాస్టారు:
ముందుచూపు అంటే ఐదేళ్ల ప్లానే కానక్కర్లేదు. మా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకి అలాంటిదేం లేదు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ, సారా వల్ల కొంపలు ఎలా మునుగుతున్నాయో పాఠంలో చదివారు. మా ఊళ్లోకి సారా రానివ్వం అన్నారు, అంతే. 1992లో జిల్లా అంతా పాకింది. వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. దూబగుంట రోశమ్మ గారి పేరు పైకొచ్చినా, ప్రతి ఊళ్లోనూ ఆ ఊరి ఆడవాళ్లే నిలబడ్డారు. చేతికందే పని చూపిస్తే మనిషి కదులుతాడమ్మా.

మాజీ_కార్యదర్శి:
నేను పాల సంఘంలోనే పనిచేశాను కాబట్టి పని సంగతి చెబుతాను. మా దగ్గర వెన్న శాతం చూసే మిషన్ గది లోపలికి తిరిగి ఉండేది. కార్యదర్శి చూసి అంకె చెప్పేవాడు, బయట నిలబడ్డవాళ్లు తల ఊపి వెళ్లేవాళ్లు. కొత్తగా వచ్చిన అధ్యక్షురాలు దాన్ని కిటికీ వైపు తిప్పించింది. పాలు పోసినామె తన అంకె తానే చూసుకుంటుంది, పాసుపుస్తకంలో అదే పడుతుంది. ఆ ఒక్క పనితో నమ్మకం కుదిరింది. బిల్లు తేదీ కూడా ఆమె ఎన్నడూ దాటనివ్వలేదు. ఆ తర్వాతే కూలర్‌కి వాటా డబ్బులు అడిగింది. గొణిగినవాళ్లున్నా, ఇచ్చారు.

పాలక్యాన్_సిద్దిపేట:
అందరికీ దండాలు. మా మిషన్ గూడ లోపలికే తిరిగి ఉంది అన్నా, రేపే తిప్పిస్త. చలికాలంల ఏజెంటు వాపస్ పంపిన పాలు, మేం తీసుకున్న పాలు ఎవరి పాసుపుస్తకంల ఏమున్నదో అందరి ముందు చదివిపిస్త. మాస్టారు చెప్పినట్టు, ఈ ఎండకాలం ఒక్కపూట పాలన్న సంఘానికే పొయ్యమని అడుగుత. పొద్దున పోయించుకునే పని ఇద్దరు చిన్న కోడండ్లకు నేర్పుతున్న, లెక్కల చురుకైన పిల్లలు. కూలర్‌కు వాటా ఎట్ల వేసిండ్రో, తలకింతా లేకపోతే పోసే పాలను బట్టా, జర చెప్పండి.

మాజీ_కార్యదర్శి:
పోసే పాలను బట్టే అక్కా. ఒక్క బర్రె ఉన్నామెకి, ఐదున్నామెకి ఒకే మొత్తం అంటే మొదటిరోజే గొడవ. ఏడాది మొత్తం మీద లెక్క కట్టండి, ఎండాకాలం మానేసినవాళ్ల సంగతి అందులోనే తేలుతుంది. ఒకేసారి అడగొద్దు, ప్రతి బిల్లులో కొంచెం కొంచెం పట్టుకోండి, పట్టుకున్నది పాసుపుస్తకంలో వేరే గడిలో రాయించండి.